ఇయ్యాల ఏమిప్పినవ్?

మెహరున్ ఆంటీ ఫోన్ చేసి "ఆదివారం మీ ఇంటికొస్త బేటా, ఉంటవా?" అని అడిగినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. డెబ్బై దాటిన మనిషి సింగపూర్ పడమటి కొసనున్న బూన్ లే నుంచి మా ఆంగ్ మో కియో దాకా రైలెక్కి రావడం వింతేమీ కాదు. కానీ ఇన్నేళ్లలో ఆమె మా ఫ్లాట్‌కు ఒంటరిగా రాలేదు. వచ్చినప్పుడల్లా యూసుఫ్ అంకుల్ ముందు నడిచేవాడు, ఆమె వెనకాల ఏదో ఒక గిన్నె మూటగట్టుకుని వచ్చేది. అంకుల్ పోయి ఏడాది కావస్తోంది. మరి ఇప్పుడెందుకు? "పెద్దావిడ, చూడాలనిపించి వస్తోంది. అందులో అనుమానించడానికేముంది?" అంది మా ఆవిడ. ఆ మాట నన్ను అడగకూడదు. మా ఇంటిపేరు వేరే ఉంది గాని, వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు అనుమానాన్నే ఇంటిపేరు చేసుకుని బతికాను. యూసుఫ్ అంకుల్ ఇంట్లో అద్దెకుంటూ, ఆయన భార్య వండింది తింటూ, ఆయన పేరును నా నోటితో నేనొక రిజిస్టర్‌లోకి ఎక్కించాను. ఆ సంగతి ఆయనకు చెప్పకుండానే ఆయన జనాజా వెంట నడిచాను. ఇక మిగిలింది ఆవిడ. చెప్పాలా, మింగెయ్యాలా? "నాన్నా, జస్ట్ టెల్ హర్ లా. సో లాంగ్ అగో ఆల్రెడీ," అంది మా అమ్మాయి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. దానికి సో లాంగే, నాకు మాత్రం నిన్నటిదే.

అప్పుడు నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. ఖమ్మంలో పాలిటెక్నిక్ చదివి, గాలితో నడిచే పనిముట్లు బాగుచేయడం నేర్చుకుని, ఇక్కడ ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఒక చిన్న వర్క్‌షాపులో కుదురుకున్నాను. యజమాని పేరు లిమ్. అందరం బాస్ అనేవాళ్లం. నా పేరు భాస్కర్‌ను భాస్ అని కురచ చేసి, బాస్‌కీ నాకూ తేడా ఒక్క ఒత్తేనని తోటివాళ్లు ఏడిపించేవారు. నిజమే, ఆ ఒత్తు ఒత్తిడిగా మారి నా నెత్తినే కూర్చుంది. వర్క్‌షాపులో మిగతా పనంతా డ్రిల్లులు, వాల్వులు, గొట్టాలు. ఒక మూల మాత్రం తాళం వేసిన ఇనుప జాలీ గది ఉండేది. ఈ దేశంలో ఆట తుపాకీ ఆటవస్తువు కాదు; లైసెన్సు లేనివాడు ముట్టుకున్నా నేరమే. కాపలా సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఒక స్కూలు వాడే గ్యాస్ తుపాకులను బాగుచేయడానికి మా బాస్‌కు ఆ లైసెన్సు ఉండేది. వాటిలోంచి వచ్చేది గుండు కాదు, శనగగింజంత ప్లాస్టిక్ పూస. అయినా జాలీ గదిలో ప్రతి స్క్రూకూ, ప్రతి స్ప్రింగుకూ రిజిస్టర్‌లో ఒక వరస ఉండేది. పేజీలకు నంబర్లు వేసి ఉండేవి కాబట్టి ఒక్క కాగితం చింపినా తెలిసిపోయేది. చేరిన రోజునే బాస్ నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు: ఇక్కడి వస్తువు బయటికి పోదు, ఇక్కడి మాట బయటికి పోదు.

ఒకరోజు ఆ స్కూలు నుంచి ఒక పొడుగాటి స్నైపర్ రైఫిల్ వచ్చింది. దూరం చూసే దుర్భిణీ, కింద రెండు కాళ్లు, చూడ్డానికి యముడి వాకిట్లో కాపలా పెట్టదగ్గ వస్తువు. వాళ్లు కోరింది దాని బలం పెంచమని కాదు, తగ్గించమని. నాలుగు గోడల మధ్య సాధనకు దాని దెబ్బ మరీ ఎక్కువైందట. దాన్ని నాకిచ్చాడు బాస్. తెల్లటి బట్ట పరిచి, ఎడమ నుంచి కుడికి, విప్పిన వరసలోనే ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ పోయాను: చెక్కలాంటి ప్లాస్టిక్ ఒళ్లు, ఇనుప గొట్టం, దాని లోపల తల్లి కడుపులో పిల్లలా ఇంకో సన్నటి ఇత్తడి గొట్టం, పూస తిరుగుతూ పోవడానికి పట్టుకునే రబ్బరు నాలుక, గ్యాస్ నింపే డబ్బా, దాని వాల్వు. విప్పుతుంటే వంటగ్యాసుకు నూనె పట్టించినట్టుండే వాసన ఒకటి వచ్చేది. సబ్బుతో కడుక్కున్నా అన్నం ముద్దలో తగిలేది. ఆ తుపాకీది నమ్మదగిన స్వభావం కాదు. పొద్దున ఏసీ చల్లదనంలో దాని దెబ్బ తుమ్మినట్టుండేది. మధ్యాహ్నం కిటికీ పక్కన ఎండ తగిలితే గ్యాస్ ఉబ్బి, అదే తుపాకీ పూస అట్టపెట్టెకు ఇటువైపు తూటు పొడిచి అటువైపు తేలేది. మనుషుల్లోనూ అలాంటివాళ్లుంటారని అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే మొదట అద్దంలో వెతికేవాణ్ణి.

బలం తగ్గించడమైతే తగ్గించాను గాని, తిరిగి బిగించే ముందు ఒక తెలివితక్కువ పని చేశాను. గ్యాస్‌ను పట్టి ఉంచే నల్ల రబ్బరు రింగు ఒకటి, చిటికెనవేలి ఉంగరమంతది, పొడిబారినట్టు కనిపించింది. దానికి తోచిన మెషీన్ ఆయిల్ రాశాను. రబ్బరుకు ఆ నూనె పడదు. మర్నాటికి అది నీళ్లలో నానిన శనగలా ఉబ్బి, దాని గాడిలో కూర్చోనంది. అలాంటి రింగు సింగపూర్‌లో ఎక్కడా దొరకదు. తైవాన్ నుంచి తుపాకీతో పాటు వచ్చిందే ఆధారం. బాస్‌కు చెబుదామంటే భయం. అప్పుడు ఖమ్మంలో మా అమ్మ గుర్తొచ్చింది. కుక్కర్ గాస్కెట్ వదులై విజిల్ రాకపోతే అమ్మ దాన్ని మంచుగడ్డల అరలో పెట్టించేది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు; పక్కింటి టీచరమ్మ ఫ్రిజ్‌లో, వాళ్ల పాలప్యాకెట్ల పక్కన, మా గాస్కెట్ ఒక పూట చుట్టరికం చేసేది. బిగుసుకుని తిరిగొచ్చేది. వదులవడం వేరు, ఉబ్బడం వేరు అన్న పాటి జ్ఞానం నాకు ఆ రోజున రాలేదు. వర్క్‌షాపులో ఫ్రిజ్ లేదు. రింగును కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకుని, సంతకం పెట్టిన చేత్తోనే తాళం వేసి, ఇంటికి వచ్చేశాను.

ఇల్లంటే యూసుఫ్ అంకుల్ ఇల్లు, బూన్ లేలో తొమ్మిదో అంతస్తు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. చిన్నప్పుడు వరంగల్‌లో పెరగడం వల్ల తెలుగు నాకంటే ధారగా మాట్లాడేవాడు. పని షిప్‌యార్డులో, వాల్వుల మెకానిక్. సాయంత్రం ఆ ఫ్లాట్ తలుపు తీస్తే ముందు ఎర్రగా వేగే ఉల్లిపాయల వాసన, తర్వాత చింతపండు పులుసు, ఆ తర్వాత వెదురు కర్రల మీద ఆరీ ఆరని బట్టల తడివాసన ఎదురొచ్చేవి. వంటగది కుళాయి పిడి దగ్గర నీళ్లు కారుతుండేవి. చప్పుడు వినలేక ఆంటీ దానికి ఒక పాతగుడ్డ పేలిక కట్టింది. అంకుల్ స్నానం చేసి, లుంగీ కట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, టీ సాసర్‌లో పోసుకుని ఊదుతూ, నేను చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

"ఏం మియా, ఇయ్యాల ఏమిప్పినవ్?"

"చెప్పులిప్పుతున్న అంకుల్."

"అది కాదు వయ్యా. ఆ జాలీ కమ్రల. కొత్తగ ఏమన్నా వచ్చిందా? గ్యాస్ ఎంత ఒత్తిడి పడ్తది? లోపల వాల్వు ఎట్లుంటది?"

"మా బాస్ చెప్పొద్దన్నడు."

"అరె, నేనేమన్న సీఐడీనా! వాల్వు మీద పానం నాకు. నక్కో అంటే నక్కో, చెప్పకు, చాయ్ తాగు."

మొదటి నెలల్లో ఆ ప్రశ్న నాకు తీపిగా ఉండేది. మా నాన్న కూడా నా చదువు గురించి అంత శ్రద్ధగా అడగలేదు. స్నైపర్ రైఫిల్ వచ్చాక అదే ప్రశ్న గొంతులో ముల్లయింది. ఇంత వివరంగా ఎందుకడుగుతాడు? సెలవు రోజు పొద్దున్నే భుజాన పొడుగాటి సంచి వేసుకుని ఎక్కడికి పోతాడు? ఆ సంచిని మంచం కింద ఎందుకు తోస్తాడు? దాన్నిండా గాలపు కర్రలని, ఆయన చేపలు పట్టడానికి వెళ్తాడని నాకు తెలుసు. తెచ్చిన చేపలు తిన్నాను కూడా. ముల్లు లేకుండా ఏరిపెట్టినా మింగుడుపడని రోజులవి. ఇంకో మాట కూడా రాయాలి, రాయకపోతే ఈ కాగితమంతా దండగ. ఆయన పేరు యూసుఫ్ కాకుండా ఏ సుబ్బారావో అయి ఉంటే, ఆ ప్రశ్నలు నాకు ఉట్టి ప్రశ్నలుగానే వినిపించి ఉండేవి.

ఆ సాయంత్రం రింగును చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రీజర్‌లో మాంసం పొట్లాల వెనక దాచాను. మర్నాడు పొద్దున తీసి చూస్తే డబ్బా ఉంది, మూత ఉంది, రింగు లేదు.

అప్పుడు నేను చేయవలసింది ఒకటే: "ఆంటీ, ఇందులో రింగు చూశారా?" అని అడగడం. అడిగితే తెచ్చానని ఒప్పుకున్నట్టే. తెచ్చానన్న మాట బాస్ చెవిన పడితే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దు, ఖమ్మం బస్సు. అందుకని నోరు కుట్టుకుని, కళ్లు మాత్రం విప్పుకుని ఇల్లంతా కనిపెట్టడం మొదలుపెట్టాను. అంకుల్ నన్ను చూసి నవ్వితే, దొరకలేదన్న ధీమాతో నవ్వాడనుకున్నాను. నవ్వకపోతే, దొరికిపోతానన్న జంకు అనుకున్నాను. ఆయన దగ్గితే సైగ అనుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన "ఏమిప్పినవ్" అని అడగలేదు. అదీ అనుమానమే! నిజానికి నా ముఖం చూసి, ఒంట్లో బాలేదేమోనని ఊరుకున్నాడట.

గురువారం బాస్ రిజిస్టర్ తెరిచి, జాలీ గదిలో ముక్కలు లెక్క చూశాడు. శుక్రవారం తనిఖీ. ఒక వరస దగ్గర ఆయన పెన్ను ఆగింది.

"రింగ్ ఎక్కడ?"

"వెతుకుతున్నాను బాస్."

"చిన్న రింగే కదా అనుకోకు. వన్ పీస్ మిస్సింగ్, హోల్ గన్ మిస్సింగ్. సేమ్ సేమ్. నా లైసెన్సు పోతుంది, నీ పాస్ పోతుంది. ఎవరైనా తీశారా?"

ఆ ప్రశ్న తర్వాత జరిగినదాన్ని నేను ఇన్నేళ్లుగా ఒక పద్ధతిలో చెప్పుకుంటూ వచ్చాను. బాస్ గుచ్చి గుచ్చి అడిగాడు, నీ ఇంట్లో ఎవరుంటారన్నాడు, గత్యంతరం లేక పేరు చెప్పాను, అని. నా భార్యకు అలాగే చెప్పాను. కథ బాగా కుదిరింది, ఎక్కడా గ్యాస్ లీకవదు. ఏమైతేనేం, బాస్ పెన్ను కదిలింది. రింగు ఉండాల్సిన వరస పక్కన ఇంగ్లీషులో యూసుఫ్ అని, బూన్ లే చిరునామా రాసుకున్నాడు. రేపటిదాకా చూసి, పోలీసులకు చెబుతానన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వంటగదిలో ఏదో మార్పు. గిన్నెల చప్పుడుంది, పోపు చిటపటలున్నాయి, అయినా ఏదో తక్కువైనట్టుంది. ఆంటీయే చెప్పింది.

"చూసినవా బేటా, కుళాయి కారుడు బంద్! మీ అంకుల్ చేసిండు. ఫ్రీజర్‌ల రబ్బరు రింగు దొరికింది. నా కుక్కర్ విజిల్‌ది, నేనే గట్టిపడనీకి పెట్టి మర్చిపోయిన్నేమో అనుకున్న. కుక్కర్‌కు పట్టలే. ఆయన తెచ్చి కుళాయికి పెడితే, సుబానల్లా, ఫిట్!"

మా అమ్మ ఒక్కతే కనిపెట్టిందనుకున్న విద్య పాతబస్తీ వంటిళ్లలోనూ ఉందన్న సంగతి నా బుర్రకు అందలేదు. ఇంకే దేశస్థుల ఇంట్లో పెట్టినా ఆ రింగును చెత్తబుట్టలో పారేసేవాళ్లు. ఫ్రీజర్‌లో రబ్బరు కనిపిస్తే దానికో కారణం ఉంటుందని అనుకునేది మనవాళ్లే. అంకుల్ ముక్కాలి పీట మీద నుంచి నన్నే చూస్తున్నాడు.

"అది పని నుంచి తెచ్చినవా?"

"అవునంకుల్."

మరో మాట మాట్లాడకుండా లేచి, పానా తెచ్చి, కుళాయి విప్పి, రింగు బయటికి తీసి, లుంగీ అంచుతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. అది అణిగి, ఒక చోట కోసుకుపోయి ఉంది. "పొద్దుగాల పోయి ఇచ్చెయ్. తెచ్చిన అని చెప్పు. అబద్ధం చెప్పకు," అన్నాడు. అప్పుడు చెప్పాల్సిన రెండో మాట, నీ పేరు ఇచ్చానన్న మాట, నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కుళాయి మళ్లీ కారడం మొదలుపెట్టింది.

మర్నాడు బాస్ ముందు రింగు పెట్టి అంతా ఒప్పుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రిజిస్టర్‌లో అంకుల్ పేరు మీద ఒకే ఒక గీత గీశాడు. పేరు చక్కగా చదవడానికి వీలుగానే ఉంది. "తనిఖీవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్తాను. నువ్వు ఇంటికి పో. సామాను సర్దుకో. ఫోన్ చేస్తాను," అన్నాడు. ఆ శుక్రవారం, శనివారం పెట్టె సర్దుతూ విప్పుతూ గడిపాను. శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "సోమవారం రా. ఇంకోసారి ఇలా చేస్తే ఫోన్ కూడా చేయను." అంతే. ఆ రైఫిల్‌ను ఎరిగిన చెయ్యి నాదొక్కటే కాబట్టి నన్ను వదులుకోలేకపోయాడని నిశ్చయించుకున్నాను. ఆ తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను, కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ కథ చెప్పాను: పనితనం ఉంటే పాస్ తనంతట తానే నిలబడుతుందర్రా, అని. చెప్పినప్పుడల్లా నా చేతులకేసి నేనే మురిపెంగా చూసుకునేవాణ్ణి.

ఆదివారం రానే వచ్చింది. తలుపు బయట బెల్లుకు కెమెరా ఉంటుంది మాకు. లోపల ఫోన్‌లో ఆంటీ ముఖం కనిపించింది, గుండ్రంగా, చేపకంట్లోంచి చూసినట్టు. "గిదేంది, లోపట కూసోని నన్ను చూస్తున్నవా? తియ్యి తలుపు!" అంది కెమెరాతోనే. ఇప్పుడు అనుమానించడానికి మనుషులు శ్రమపడక్కర్లేదు. లిఫ్టులో కెమెరా, వరండాలో కెమెరా, బెల్లులో కెమెరా. ఆ రోజుల్లో ఒకరినొకరం కనిపెట్టాలంటే ఒకే వంటగదిలో నిలబడాలి, ఒకే కుళాయి కింద చేతులు కడుక్కోవాలి, పక్కవాడు ఏరిపెట్టిన చేపముక్క తింటూ వాణ్ణి శంకించాలి. అదేమీ గొప్పతనం కాదు. కానీ తప్పు చేశామన్న బరువు కూడా అక్కడే, ఆ కంచంలోనే తగిలేది. కెమెరాను అనుమానించినవాడు దానికి క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

మా ఆవిడ టీ పెట్టి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది. ఆంటీ కప్పు ముట్టుకోలేదు. నేను గొంతు సవరించుకుంటుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వేం చెప్పకు. నేను అడుగుత. అంతే చెప్పు. మీ బాస్‌కు ఆయన పేరు నీ అంతట నువ్వే చెప్పినవా? లేకుంటె బాస్ అడిగితె చెప్పినవా?"

పేరు ఇచ్చిన సంగతి ఆమెకు ఎలా తెలుసు?

"ఆయన పోయిండు బేటా మీ బాస్ కాడికి. నువ్వు పెట్టె సర్దుకుంటున్నవు గదా, ఆ శనివారం. సెలవు పెట్టి, రెండు రైళ్లు మారి పోయిండు. 'పిల్లగాడు మంచోడు, తెలివి లేక తెచ్చిండు, రింగు పాడుచేసింది నేను, నా మీద రాసుకో' అన్నడు. ఆ చైనీసాయన పుస్తకం తీసి, 'ఈ యూసుఫ్ నువ్వేనా' అని అడిగిండట. గీత కొట్టిన పేరు చూసిండు. చూసి గూడ మాట మార్చలే. ఇంటికొచ్చి నాకొక్కదానికే చెప్పిండు. నీకు చెప్పనియ్యలే."

నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అవి ఎవరివో అన్నట్టున్నాయి.

"నేనన్న, వాడే చెప్పిండు, అడగకముందే చెప్పిండు, నీ ఉప్పు తిని నీ పేరు రాయించిండు అని. ఆయనేమో కాదు, పిల్లగాడు, భయపెట్టి అడిగితే చెప్పిండు అన్నడు. ఆ దినం సంది నీకు అన్నం పెడుతనే నిన్ను కనిపెడుతుంటి. నీకెరుక లేదు. ఇన్నేండ్లు మా ఇద్దరికి ఇదే పంచాయితి. ఈద్‌కు నువ్వు వచ్చి పోతే, ఆ పూట మళ్ల మొదలు. ఇప్పుడు కొట్లాడనీకి ఆయన లేడు. అందుకే నిన్నే అడగనీకొచ్చిన. చెప్పు."

నాకు బాగా అలవాటైన జవాబు ఒకటి సిద్ధంగా ఉంది, పాతికేళ్లుగా నూనె పోసి నున్నగా చేసుకున్నది. దాన్ని అంటే చాలు, అంకుల్ నెగ్గుతాడు, ఆమె మనసు కుదుటపడుతుంది, నేనూ బయటపడతాను. ముగ్గురికీ మేలు. కానీ అబద్ధం చెప్పకు అని కూడా ఆయనే అన్నాడు. బాస్ ఆ రోజు అడిగింది "ఎవరైనా తీశారా" అని మాత్రమే. నా ఇంట్లో ఎవరున్నారని అడగలేదు. తెలియదంటే సరిపోయేది.

"అడగలేదు ఆంటీ. నేనే చెప్పాను. పేరు చెప్పాను, స్పెల్లింగు కూడా నేనే చెప్పాను. మా గది పనుల గురించి చాలా అడుగుతుంటాడు, అన్నాను."

గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమెది ఆ ముఖం కాదు. కప్పు చుట్టూ రెండు చేతులూ చుట్టి, చల్లారిన టీలోకి చూస్తూ అంది.

"నాదే నిజమని నాకెరుకనే. కాని రైల్ల కూసుని అల్లా అల్లా అనుకుంట వచ్చిన, ఈ ఒక్కసారి ఆయన గెలవాలె అని."